చిన్న ఊరి క్రాఫ్ట్ బ్రూవరీకి వెళ్లి రావడం ఎలా: ఫోన్ చేయడం నుంచి సీసా కడగడం దాకా

చిన్న ఊరి క్రాఫ్ట్ బ్రూవరీలో, అంటే చిన్న మోతాదులో బీరు తయారు చేసే చోట, బీరు తయారయ్యే గదికీ, దాన్ని గ్లాసులో పోసే గదికీ మధ్య చాలాసార్లు ఒక్క గోడే ఉంటుంది. గిడ్డంగులు, లారీలు, దుకాణాల అరలు మధ్యలో లేనందువల్ల అక్కడ తాగే బీరు, తయారు చేసినవారు అనుకున్న రుచికి అతి దగ్గరగా ఉంటుంది. పైగా ఆ రుచి ఎందుకలా వచ్చిందో చెప్పగల మనిషి అదే భవనంలో పని చేస్తూ ఉంటారు. అంత దూరం వెళ్లినందుకు దక్కే ఫలితమంతా ఈ రెండింటిలోనే ఉంది కాబట్టి, తాజా బీరూ, తయారు చేసినవారి మాటా రెండూ మీకు అందేలా ప్రయాణాన్ని అమర్చుకోవాలి. తక్కువ తాగి ఎక్కువ తెలుసుకోవాలన్న ఉద్దేశంతో వెళ్లేవారి కోసం ఈ పద్ధతిని వరుసగా రాస్తున్నాను. గర్భిణులు, మద్యంతో పడని మందులు వాడుతున్నవారు, అసలు తాగని వారు రుచి చూసే భాగాన్ని వదిలేసి మిగిలినదంతా నిశ్చింతగా అనుసరించవచ్చు.

బయలుదేరే ముందు

మొట్టమొదట తెలుసుకోవలసింది అక్కడ వంటగది ఉందా లేదా అన్నది. బ్రూవరీ అని బోర్డు ఉన్న ప్రతి చోటా భోజనం దొరకదు. బీరు మాత్రమే పోసే గదిని ట్యాప్‌రూమ్ అనీ, పూర్తి స్థాయి రెస్టారెంటుతో కలిసి నడిచేదాన్ని బ్రూపబ్ అనీ అంటారు. అమెరికాలోని బీరు తయారీదారుల సంఘమైన బ్రూయర్స్ అసోసియేషన్ నిర్వచనం ప్రకారం, తాను తయారు చేసిన బీరులో కనీసం 25 శాతాన్ని అక్కడికక్కడే అమ్ముతూ, చెప్పుకోదగ్గ స్థాయిలో భోజనం కూడా వడ్డించేది బ్రూపబ్. ఏడాదికి 15,000 బ్యారెళ్ల లోపు, అంటే దాదాపు 17.6 లక్షల లీటర్ల లోపు తయారు చేసేది మైక్రోబ్రూవరీ. ఇతర దేశాల్లో ఈ పేర్లను ఇంత కచ్చితంగా వాడరు కాబట్టి పేరును నమ్ముకోకుండా, వంటగది ఉందా అని నేరుగా అడగడమే మంచిది. లేదని చెబితే, బయటి నుంచి తినుబండారాలు తెచ్చుకోనిస్తారా అని కూడా అప్పుడే అడిగేయండి.

రెండో పని ఒక ఫోన్ కాల్. చిన్న ఊళ్లో పనివారు కొద్దిమందే ఉంటారు. బీరు తయారు చేసే మనిషే ఒక్కోసారి సాయంత్రం కౌంటరులోనూ నిలబడతారు. అందువల్ల తెరిచి ఉండే వేళలు కాలాన్ని బట్టి, పెళ్లిళ్లు, విందుల కోసం స్థలం ఇచ్చిన రోజులను బట్టి మారిపోతుంటాయి, ఇంటర్నెట్‌లో కనిపించే వేళలు పాతవై ఉండవచ్చు. వంటగది ఎన్ని గంటలకు మూస్తారు, తయారీ గదిని చూడనిస్తారా, దానికి ముందుగా పేరు రాయించుకోవాలా, పిల్లలను లోపలికి రానిస్తారా, డబ్బు ఎలా తీసుకుంటారు అన్న ప్రశ్నలు చాలు. వీటిలో మొదటి ప్రశ్నను మరిచిపోవద్దు. బీరు పోయడం కొనసాగుతున్నా వంటగది అంతకంటే ముందే మూతపడటం చాలాచోట్ల మామూలే, ఖాళీ కడుపుతో తాగవలసి రావడం ఎవరికీ మంచిది కాదు.

ఏ రోజు వెళ్లాలన్నది మీకు ఏం కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. తయారీని కళ్లారా చూడాలంటే పనిదినం ఉదయం వెళ్లాలి. ధాన్యం మర పట్టడంతో మొదలై, దాని నుంచి తీసి కాచిన రసాన్ని చల్లార్చి ట్యాంకులోకి పంపేదాకా ఒక విడత తయారీకి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది కాబట్టి పని పొద్దున్నే మొదలవుతుంది. తీరుబడిగా మాట్లాడాలంటే పనిదినం మధ్యాహ్నం, భోజనాల రద్దీ తగ్గాక వెళ్లాలి. సెలవు రోజు సాయంత్రం సందడి కావాలనుకునేవారికి బాగుంటుంది గానీ, ఆ వేళలో కౌంటరులో ఉన్న మనిషిని నాలుగు ప్రశ్నలు అడగడం కూడా వారికి ఇబ్బందే. నా మటుకు మధ్యాహ్నమే అన్నిటికంటే మంచి వేళ అనిపిస్తుంది.

మూడోది, తిరుగు ప్రయాణం. చిన్న ఊళ్లలో రాత్రి ఎనిమిది దాటితే టాక్సీ దొరకకపోవచ్చు, చివరి బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉండవచ్చు. కాబట్టి బండి ఎవరు నడుపుతారో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి, ఆ మనిషి ఆ రోజు ఒక్క గుటక కూడా తాగకూడదు. రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటే నేరమన్న హద్దు దేశాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల 0.08 శాతం, చాలాచోట్ల 0.05 శాతం, కొన్నిచోట్ల సున్నా. రుచి చూసే చిన్న గ్లాసులతో ఆ హద్దుకు ఎంత దగ్గరయ్యామో కూర్చున్నవారికి తెలియదు. నడిపేవారు దొరకకపోతే నడిచి చేరుకోగల దూరంలో బస ఏర్పాటు చేసుకోండి. లేదంటే ఆ రోజు భోజనం మాత్రం చేసి, బీరును మూత బిగించిన సీసాలో ఇంటికి తెచ్చుకోండి.

ఇక బయలుదేరేటప్పుడు సెంటు పూసుకోకండి. బీరు రుచిలో పెద్ద భాగం వాసనే కాబట్టి, మీ సెంటు మీతోపాటు పక్క బల్ల దగ్గర కూర్చున్నవారి గ్లాసును కూడా పాడు చేస్తుంది. తయారీ గదిలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, వేడి నీళ్ల గొట్టాలు కాళ్ల దగ్గరే ఉంటాయి, అందుకని వేళ్లు కనిపించని, జారని బూట్లు వేసుకోండి. వేళ్లు కనిపించే చెప్పులతో వచ్చినవారిని చాలాచోట్ల లోపలికి రానివ్వరు. గంట ముందు నుంచి ఘాటైన కాఫీ, కారం, పొగ మానేస్తే నాలుక శుభ్రంగా ఉంటుంది.

తయారీ గదిలో ఏం చూడాలి

టూర్ ఉంటే రుచి చూడటానికి ముందే చేయండి. ఏ వాసన ఎక్కడి నుంచి వచ్చిందో ముక్కుకు తెలిశాక గ్లాసు పట్టుకుంటే, రుచిలో తేడాలు వాటంతట అవే విడివడి కనిపిస్తాయి.

మొదట మాల్టు బస్తాల దగ్గర ఆగండి. మాల్టు అంటే బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, మొలక పెరగకుండా ఎండబెట్టిన గింజ. అనుమతి అడిగి రెండు మూడు రకాల గింజలను విడివిడిగా నమిలి చూడండి. లేత రంగు గింజ పంటి కింద పెళుసుగా విరిగి, కాసేపటికి తియ్యటి పిండి రుచినిస్తుంది. కొంచెం ఎక్కువ కాల్చిన గింజలో రొట్టె అంచు రుచి, ఇంకా కాల్చినదాంట్లో పాకం రుచి తెలుస్తాయి. నల్లగా వేయించిన గింజ కాఫీ గింజలా చేదుగా, కాస్త వగరుగా ఉంటుంది. మద్యం ముట్టనివారికి కూడా బీరు రుచి ఎక్కడ మొదలవుతుందో అర్థమయ్యేది ఇక్కడే. బార్లీలోనూ గోధుమలోనూ గ్లూటెన్ ఉంటుంది కాబట్టి అది పడనివారు మాత్రం నమలకూడదు, బీరు కూడా గ్లూటెన్ లేనిదని రూఢి చేసుకున్నాకే తీసుకోవాలి.

తర్వాత వచ్చే పెద్ద పాత్రలో ముతకగా మర పట్టిన మాల్టును వేడి నీళ్లలో గంటసేపు నానబెడతారు. గింజలోనే ఉండే ఎంజైములు పిండి పదార్థాన్ని చక్కెరలుగా మార్చే పని ఇక్కడ జరుగుతుంది. ఆ నీటి వేడి 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే బీరును పులియబెట్టే ఈస్ట్ పూర్తిగా తినగలిగే చక్కెరలు ఎక్కువ తయారై, బీరు పలచగా, తీపి లేకుండా వస్తుంది. 69 డిగ్రీల దగ్గర ఉంటే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలిపోయి బీరు చిక్కగా నాలుకను పట్టుకుంటుంది. అంత పెద్ద తేడాకు కారణం ఆ కొద్ది డిగ్రీలే. అందుకే అక్కడి మనిషిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ బీరుకు మాల్టును ఎంత వేడి దగ్గర నానబెట్టారు? ఈ ప్రశ్న వినగానే చాలామంది తయారీదారులు చేతిలో పని పక్కన పెట్టి ఇష్టంగా చెప్పడం మొదలుపెడతారు.

అలా వచ్చిన తియ్యటి రసాన్ని వడకట్టాక మిగిలిన పిప్పిని పశువుల మేతకు పంపడం ఎక్కువ చోట్ల చూస్తాం. రసాన్ని గంట నుంచి గంటన్నర దాకా మరగబెడుతూ అందులో హాప్స్ వేస్తారు. హాప్స్ అంటే ఒక తీగ మొక్క పూగుత్తులు. ఎక్కువగా వాటిని నలిపి, అదిమి చేసిన పచ్చటి బిళ్లల రూపంలో చూస్తాం. ఒక బిళ్లను అరచేతిలో పొడి చేసి, రెండు చేతులతో రుద్ది వాసన చూడండి. రకాన్ని బట్టి గడ్డి, మిరియం, పువ్వులు, బత్తాయి తొక్క, మామిడి వంటి వాసనలు వస్తాయి. మరిగే మొదట్లో వేస్తే చేదు ఎక్కువ వస్తుంది, వాసన ఆవిరైపోతుంది. చివర్లో వేసినా, చల్లారాక ట్యాంకులో వేసినా వాసన నిలుస్తుంది. 1972లో అమెరికాలో విడుదలైన క్యాస్కేడ్ అనే రకం బత్తాయి జాతి పండ్ల వాసనకు పేరు పొంది, ఆ తర్వాత వచ్చిన క్రాఫ్ట్ బీర్ల ముఖచిత్రాన్నే మార్చింది. ఇప్పుడు ఐపీఏ పేరుతో దాదాపు ప్రతి బ్రూవరీలో దొరికే ఘాటు వాసన బీరు వెనుక ఆ పరంపరే ఉంది.

ఇక పొడుగాటి స్టీలు ట్యాంకుల దగ్గర ఎక్కువసేపు నిలబడండి, ఎందుకంటే అసలు పని అక్కడే, చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. ట్యాంకు పైనుంచి దిగిన గొట్టం కొస ఒక నీళ్ల బకెట్టులో మునిగి ఉంటుంది. ఆ నీళ్లు ఆగకుండా బుడబుడమంటుంటే లోపల ఈస్ట్ చక్కెరను తింటూ ఆల్కహాలునూ, కార్బన్ డయాక్సైడునూ విడుదల చేస్తోందని అర్థం. ఆ వాయువు గాలి కంటే బరువైనది కాబట్టి ట్యాంకు మూతలోకి తొంగి చూడటం, గుంటల్లోకి వంగడం ప్రమాదం. వాల్వులను ముట్టుకోవడం అసలే కూడదు. ట్యాంకు మీద ఉన్న డయల్ చూడండి. 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే లోపల ఎక్కువగా ఏల్ రకం బీరు ఉంటుంది, 8 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటే లాగర్ రకం ఉంటుంది. ఏల్ రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వస్తుంది. లాగర్ పులిసిన తర్వాత కూడా సున్నాకు దగ్గరి చల్లదనంలో వారాల తరబడి ఊరాలి.

జర్మనీలోని బవేరియాలో 1516లో వచ్చిన ప్రసిద్ధ శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరేవి వాడకూడదని చెప్పింది గానీ అందులో ఈస్ట్ మాటే లేదు. అది ఒక జీవి అని, పులియడానికి అదే మూలమని అప్పటికి తెలియదు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచడం సాధించాకే ప్రతి విడతా ఒకే రుచి తేవడం తయారీదారుల చేతికి వచ్చింది. అందువల్ల మీరు అడగదగ్గ రెండో ప్రశ్న, ఒకే ఈస్ట్‌ను ఎన్ని విడతల దాకా తిరిగి వాడుతున్నారన్నది. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే చోట శుభ్రత మీద పట్టు ఉందని నేను నమ్ముతాను.

బోర్డు మీద రాసిన అంకెలు

కౌంటరు వెనుక బోర్డు మీద ప్రతి బీరు పేరు పక్కనా సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. ఏబీవీ అంటే ఆ బీరులో ఆల్కహాలు ఎంత శాతమన్నది. ఐబీయూ చేదుకు కొలత. లీటరు బీరులో హాప్స్ నుంచి వచ్చిన చేదు పదార్థం సుమారు ఎన్ని మిల్లీగ్రాములో అది చెబుతుంది. అయితే మాల్టు తీపి చేదును కప్పేస్తుంది కాబట్టి, 60 ఐబీయూ ఉన్న చిక్కటి నల్ల బీరు, 40 ఉన్న పలచటి పిల్స్‌నర్ (లేత బంగారు రంగు లాగర్) కంటే తియ్యగా అనిపించవచ్చు. రెండు అంకెలనూ కలిపి చదవాలే తప్ప ఐబీయూ ఒక్కదాన్నే చూసి భయపడనక్కరలేదు.

రంగును చూసి మాత్రం అసలు అంచనా వేయకండి. నల్లగా ఉంటే ఘాటు అనుకోవడం అందరూ చేసే పొరపాటు. నల్లదనం వేయించిన కొద్దిపాటి గింజల నుంచి వస్తుంది. ఆల్కహాలుకు దానితో సంబంధం లేదు. ఐర్లండు పద్ధతిలో చేసే నల్లటి డ్రై స్టౌట్ చాలాసార్లు 4 నుంచి 4.5 శాతమే ఉంటుంది, బంగారు రంగులో మెరిసే బెల్జియం పద్ధతి స్ట్రాంగ్ ఏల్ 8 శాతం దాటుతుంది.

ఏం తీసుకోవాలో తెలియకపోతే ఏదో పెద్ద కంపెనీ పేరు చెప్పి అలాంటిది కావాలనడం కంటే, మీకు నచ్చే రుచిని చెప్పండి: చేదు తక్కువగా, కాస్త పండ్ల వాసనతో, పలచగా కావాలి అన్నారంటే కౌంటరులోని మనిషి సరైన గ్లాసే తెస్తారు. ఆ వారం కొత్తగా ట్యాంకు తెరిచినది ఏదని కూడా అడగండి, ముఖ్యంగా హాప్స్ వాసన మీద ఆధారపడే బీర్ల విషయంలో తాజాదనమే సగం రుచి.

రుచి చూసే పద్ధతి

ఒక పెద్ద గ్లాసు తెప్పించుకునే బదులు నాలుగు చిన్న గ్లాసుల ఫ్లైట్ తీసుకోండి. చెక్క పలక మీద వరుసగా పెట్టి ఇచ్చే ఈ గ్లాసుల్లో ఒక్కొక్కటి 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది. కొన్నిచోట్ల ఆరు గ్లాసులు కూడా ఇస్తారు గానీ, నాలుగు దాటితే నాలుక తేడాలను పట్టుకోవడం తగ్గిపోతుంది. లెక్క కూడా చూసుకోవాలి: 125 మిల్లీలీటర్ల గ్లాసులు నాలుగంటే అర లీటరు. అది 5 శాతం బీరైతే 25 మిల్లీలీటర్ల ఆల్కహాలు, అంటే దాదాపు 20 గ్రాములు. 8 శాతం బీరైతే దాదాపు 32 గ్రాములు. అమెరికాలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే 14 గ్రాములు, బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటే 8 గ్రాములు. ఈ లెక్కన చూస్తే చిన్నవిగా కనిపించే నాలుగు గ్లాసులు నిజానికి చిన్నవి కావు. శరీరం ఆల్కహాలును తనకు వీలైన వేగంతోనే వదిలించుకుంటుంది. కాఫీ తాగినా, చన్నీళ్లతో ముఖం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. ఇద్దరు వెళ్తే ఒకే ఫ్లైట్‌ను పంచుకోవడం అన్ని విధాలా మేలు.

వరుస ముఖ్యం. పలచటిది, చేదు తక్కువ ఉన్నది ముందు. వేయించిన గింజల రుచి, గట్టి చేదు, ఎక్కువ ఆల్కహాలు ఉన్నవి చివర. తిరగేస్తే ఐపీఏ తర్వాత తాగిన గోధుమ బీరు నీళ్లలా అనిపిస్తుంది, ఆ తప్పు బీరుది కాదు. మొదటి గ్లాసుగా ఆ బ్రూవరీ చేసే అతి సాదా లాగర్‌ను, అది లేకపోతే లేత రంగు ఏల్‌ను తీసుకోమని నా సలహా. లేత బంగారు రంగు పిల్స్‌నర్‌ను 1842లో నేటి చెక్ రిపబ్లిక్‌లోని పిల్సెన్ పట్టణంలో యోసెఫ్ గ్రోల్ అనే తయారీదారు మొదట తయారు చేసినప్పటి నుంచి నేటి దాకా ఆ రకానికి ఉన్న పరీక్ష ఒకటే: దాచుకోవడానికి అందులో ఏమీ ఉండదు. ఘాటు హాప్స్, కాఫీ, పండ్ల గుజ్జు వేసిన బీరులో చిన్న లోపాలు కనపడవు, సాదా లాగర్‌లో ఎంత చిన్న లోపమైనా బయటపడుతుంది. పైగా అది ట్యాంకును ఎక్కువ వారాలు పట్టి ఉంచుతుంది. ఉన్న కొద్ది ట్యాంకుల్లో ఒకదాన్ని అంతకాలం దానికే వదిలేసిన చిన్న బ్రూవరీ నిజంగా గౌరవించదగ్గది.

గ్లాసు రాగానే తాగకండి. ముందు వెలుతురుకు ఎత్తి చూడండి. గ్లాసు లోపలి గోడకు బుడగలు గుంపుగా అంటుకుని కదలకుండా ఉంటే అక్కడ జిడ్డో, సబ్బో మిగిలిందని అర్థం. శుభ్రమైన గ్లాసులో బుడగలు కింది నుంచి పైకి లేస్తాయి, నురగ నిలుస్తుంది, తాగుతున్న కొద్దీ ప్రతి గుటక దగ్గరా తెల్లటి నురగ అంచు గోడకు అంటుకుని వరుసలు వరుసలుగా మిగులుతుంది. నురగ అక్కర్లేదని చెప్పకండి, వాసనను పైకి తెచ్చేది అదే. నైట్రోజన్ కలిపి పోసే స్టౌట్‌లో బుడగలు మరీ చిన్నవి కాబట్టి నురగ మీగడలా మెత్తగా ఉంటుంది, వాసన మాత్రం కాస్త తక్కువగా వస్తుంది.

తర్వాత గ్లాసును మెల్లగా ఒకసారి తిప్పి, ముక్కు దగ్గర పెట్టి, దీర్ఘంగా కాకుండా రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా పీల్చండి. మీకు తట్టిన మొదటి వాసన పేరు, అది ఏదైనా సరే, మనసులో పెట్టుకోండి. పక్కవారు చెప్పాక మీ ముక్కు వారి మాటే వింటుంది. అప్పుడు ఒక గుటక తీసుకుని, నోరంతా తడిసేలా ఒక క్షణం ఆపి, మింగండి. మింగాలి, ఉమ్మేయకూడదు, ఎందుకంటే బీరు చేదు సరిగ్గా తెలిసేది గొంతు దిగేటప్పుడు, మింగాక ముక్కులోంచి వదిలే గాలిలోనే మిగిలిన వాసనలు తెలుస్తాయి. ఒకే గుటకతో తీర్పు చెప్పకండి. మొదటి గుటక నాలుకను సిద్ధం చేస్తుంది, అసలు రుచి రెండోదానిలో ఉంటుంది. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య మంచినీళ్లు తాగి, ఉప్పు లేని రొట్టె ముక్క తింటే చాలు.

చల్లదనం గురించి ఒక మాట. లాగర్‌కు 4 నుంచి 7 డిగ్రీలు, ఏల్‌కు 8 నుంచి 12 డిగ్రీలు, గట్టి నల్ల బీర్లకు ఇంకా కొంచెం ఎక్కువ బాగుంటుంది. మరీ చల్లగా ఇస్తే గ్లాసును అరచేతుల మధ్య పట్టుకుని ఐదు నిమిషాలు ఆగండి. అదే బీరులో అంతకుముందు లేని వాసనలు లేవడం మీకే తెలుస్తుంది. ఫ్రీజరులో గడ్డకట్టించిన గ్లాసు ఇస్తామంటే మర్యాదగా వద్దనండి. అది వాసనను చంపేస్తుంది, కరిగిన మంచు నీళ్లు బీరులో కలుస్తాయి.

రుచిలో ఏదో తేడాగా ఉంటే దానికి పేరు పెట్టగలగడం మేలు. వెన్న వేసిన పాప్‌కార్న్ వాసన వస్తే ఈస్ట్ తన పని ముగించకముందే బీరును తీసేశారనో, గొట్టాలు శుభ్రంగా లేవనో అనుకోవచ్చు. ఉడికించిన మొక్కజొన్న వాసన రసాన్ని సరిగా మరిగించకపోవడం వల్ల, పచ్చి యాపిల్ వాసన బీరు ఇంకా ఎదగకపోవడం వల్ల, తడిసిన అట్టపెట్టె వాసన గాలి తగలడం వల్ల వస్తాయి. పుల్లగా ఉండకూడని బీరులో వెనిగర్ పులుపు వస్తే ఎక్కువగా తప్పు గొట్టాలదే. అయితే గోధుమ బీరు, హేజీ అని రాసిన ఐపీఏ మసకగా ఉండటం లోపం కాదు, అవి అలాగే ఉండాలి. లోపం అనిపించినప్పుడు బాగోలేదని ఊరుకోకుండా, ఏ వాసన వస్తోందో వడ్డించినవారికి తగ్గు గొంతుతో చెప్పండి. శ్రద్ధ ఉన్న చోట గ్లాసు మార్చడమే కాక, లోపలికి వెళ్లి వాళ్లూ రుచి చూస్తారు.

భోజనం

ఫ్లైట్ చేతికి వచ్చేలోపే ఏదైనా చిన్న పదార్థం తెప్పించుకోండి, పూర్తి భోజనం మాత్రం రుచి చూడటం అయ్యాక చెప్పండి. మెనూలో మొదట వెతకవలసింది ఆ బ్రూవరీ సరుకుతోనే చేసిన వంట: మాల్టు పిప్పి కలిపి కాల్చిన రొట్టె, బీరు కలిపిన పిండిలో ముంచి వేయించినవి, నల్ల బీరులో మెల్లగా ఉడికించిన మాంసం. ఇంకోచోట దొరకనివి అవే.

జత కుదర్చడానికి సూత్రాలు ఎక్కువ లేవు. తేలికైన వంటకు తేలికైన బీరు, గట్టి వంటకు గట్టి బీరు అన్నది మొదటిది, దీన్ని తప్పనంత వరకు పెద్ద నష్టం జరగదు. నిప్పుల మీద కాల్చిన పదార్థాలకు ఎర్రటి మాల్టు బీరు చక్కగా కుదరడానికి కారణం, కాలిన అంచులోనూ కాల్చిన గింజలోనూ పుట్టే రుచులు ఒకే రకమైన రసాయన చర్య నుంచి రావడమే. నూనెలో వేగినవాటికి, చీజ్‌కు బుడగలు, చేదు ఉన్న బీరు కావాలి. అది నాలుక మీద పేరుకున్న కొవ్వును కడిగేసి తర్వాతి ముద్దను మళ్లీ కొత్తగా చేస్తుంది. కూరగాయల సలాడ్లకు, చేపకు గోధుమ బీరు, చాక్లెట్టుకు స్టౌట్ బాగుంటాయి. కారంగా ఉన్న వంటతో మాత్రం చేదు ఎక్కువ ఉన్న ఐపీఏను తీసుకోకండి. చేదూ ఆల్కహాలూ కలిసి కారపు మంటను పెంచుతాయి. దానికి కాస్త తీపి మిగిలిన, ఆల్కహాలు తక్కువ ఉన్న బీరే సరి.

బండి నడిపేవారి కోసం, తాగనివారి కోసం ఏముందని ముందే అడగండి. చాలా బ్రూవరీలు సొంతంగా సోడాలు, అల్లం పానీయాలు, ఆల్కహాలు తీసిన బీర్లు తయారు చేస్తున్నాయి. ఆల్కహాలు లేనిదని చెప్పే బీరులో కూడా చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఉండటానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి, పూర్తిగా మానవలసినవారు సీసా మీద అంకెను చదివి తీసుకోవాలి.

ఇంటికి తెచ్చుకోవడం

నచ్చిన బీరును వెంట తీసుకెళ్లాలంటే రెండు దారులున్నాయి: అక్కడే క్యాన్లలో నింపి సీలు వేసినవి, లేదా కుళాయి నుంచి అప్పటికప్పుడు నింపి ఇచ్చే గ్రౌలర్ అనే పెద్ద సీసా. గ్రౌలర్ మామూలుగా 1.9 లీటర్లు పడుతుంది. నింపే ముందు సీసాలోని గాలిని కార్బన్ డయాక్సైడుతో తోసేస్తున్నారా, గొట్టం సీసా అడుగుదాకా దించి నింపుతున్నారా అన్నది గమనించండి. పైనుంచి కుళాయి కింద పెట్టి పోసిన బీరులో గాలి కలిసి, ఒకటి రెండు రోజుల్లోనే రుచి తగ్గడం మొదలవుతుంది. క్యాన్లయితే అడుగున నింపిన తేదీ చూసుకోండి, హాప్స్ వాసన బీర్లలో ఇటీవలి తేదీ ఉన్నదే తీసుకోండి. ఆల్కహాలు ఎక్కువ ఉన్న నల్ల బీర్లు కొన్ని నెలలు ఆగినా పాడవవు, కొన్ని ఇంకా మెత్తబడతాయి.

కారులో సీసాను నిలువుగా, ఐసు పెట్టెలో పెట్టాలి. ఎండ తగిలితే హాప్స్ నుంచి వచ్చిన చేదు పదార్థం విరిగిపోయి భరించరాని కంపు పుడుతుంది, తెల్ల సీసాలోనూ ఆకుపచ్చ సీసాలోనూ ఇది నిమిషాల్లో మొదలవుతుంది. అందుకే గోధుమరంగు సీసాను అడిగి తీసుకోండి, దానినీ గుడ్డ కప్పి ఉంచండి. మూత తెరిచిన సీసాను బండిలో ఉంచుకోవడం చాలాచోట్ల నేరం కాబట్టి, దారిలో రుచి చూద్దామన్న ఆలోచన పెట్టుకోకండి.

ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టి, గ్రౌలర్‌ను రెండు మూడు రోజుల్లోపు తెరవండి, తెరిచినది ఆ రోజే, లేదంటే మర్నాటిలోపే పూర్తి చేయండి. ఒక్కరే ఉంటే చిన్న సీసా నింపించుకోవడమే తెలివైన పని. తాగడం అయిన వెంటనే సీసాను వేడి నీళ్లతో మూడు నాలుగు సార్లు తొలవాలి. సబ్బు వాడితే దాని పొర లోపల మిగిలిపోయి తర్వాతి సారి నురగ నిలవదు. మూతకున్న రబ్బరు వాషరును విడిగా తీసి కడిగి, సీసాను బోర్లించి, లోపల తడి పూర్తిగా ఆరాక, మూత బిగించకుండా పక్కన పెట్టుకుంటే వాసన పట్టకుండా ఉంటుంది.